గోడ దిగిన పిల్లలకి ఒక ఉత్తరం

పిల్లలూ,

ఆ రోజు మా ప్రహరీ గోడెక్కి షూటింగ్ చూస్తున్న మిమ్మల్ని కర్ర పుచ్చుకుని మరీ దింపేశాను. మీకు కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది. అప్పటినుంచీ ఒక్కరూ మా జామచెట్టు వంక రావడం లేదు, కాయలు రాలి కుళ్ళిపోతున్నాయి. పైగా మీలో ఒకడు గోడ దూకి పారిపోతూ "ఒక్క డైలాగుకి పొద్దున్నుంచి సాయంత్రం దాకానా, నీకు నోరు తిరగదా తాతా?" అని అరిచి పోయాడు. వాడెవడో నాకు తెలుసు. ముప్పై రెండేళ్ళు ఫిజికల్ సైన్స్ చెప్పినవాణ్ణి, అడిగిన ప్రశ్నని గాలికి వదిలేయడం నా వల్ల కాదు కాబట్టి ఈ ఉత్తరం.

ముందు సంగతేంటో చెప్తాను. సినిమా చిన్నది. యూనిట్ మొత్తం పదకొండు మంది, వాళ్ళలో వంట చేసినాయన కూడా ఉన్నాడు. డైరెక్టర్ నా దగ్గర పదో తరగతి చదివినవాడే. నన్ను తాత వేషం వెయ్యమంటే, నాకు నటన ఎక్కడ వచ్చురా అన్నాను. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో నటించినవాళ్ళలో ఎక్కువమంది విశాఖలో ఆ కంచరపాలెం వాళ్ళే కదా మాస్టారూ, మీరు కాఫీ తాగినట్టే తాగండి చాలు అన్నాడు. మా ఇల్లూ, మా పడక్కుర్చీ, మీ మామ్మగారి పెళ్ళినాటి బీరువా, అన్నీ ఉచితంగా వస్తాయన్న లెక్క కూడా వాడి బుర్రలో ఉందని నాకు తర్వాత అర్థమైంది.

సీను ఇదీ. ముగ్గురు అన్నదమ్ములు లోపలి గదిలో ఉన్న బీరువాని హాల్లోకి తేవాలి. గుమ్మంలో పట్టదు. నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా అన్ని రకాలా తిప్పి చూస్తారు, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు, ఆస్తి గొడవలు కూడా బయటికొస్తాయి. హాల్లో తాత టీ తాగుతూ ఇదంతా చూస్తుంటాడు. చివరికి పెద్దవాడు ఏడుపు మొహంతో "అసలిది లోపలికెలా వచ్చింది తాతా?" అంటాడు. తాత ఒక గుక్క తాగి, "అది వచ్చాకే కదరా ఆ గుమ్మం పెట్టించింది" అంటాడు. అంతే. సినిమాలో ఇది నిమిషంన్నర కూడా ఉండదు.

కానీ మా గుమ్మంలో బీరువా హాయిగా పడుతుంది. అదొక చిక్కు. ఆర్ట్ చూసే కుర్రాడు ప్లైవుడ్ ముక్కలు కోసి, ద్వారబంధానికి రెండు పక్కలా మేకులు కొట్టి, పాత టేకు రంగు వేసి, పసుపు పూసి బొట్లు కూడా పెట్టాడు. పక్కింటి ఆవిడ వచ్చి గుమ్మం ఎప్పుడు మార్పించారండీ అని అడిగింది.

రెండో చిక్కు బరువు. బీరువా ఖాళీ చేసి, అరలు తీసేశారు, అప్పుడది ముగ్గురికి పెద్ద బరువేం కాదు. బరువైనట్టు నటించమంటే మూలుగుతున్నారు, పళ్ళు బిగిస్తున్నారు, చూస్తే కడుపునొప్పిలా ఉంది. నిజంగా బరువెత్తినవాడు మొహంతో ఎత్తడు కదా, నడుముతో ఎత్తుతాడు, మోకాళ్ళు వంగుతాయి, కాలు ఎక్కడ వెయ్యాలా అని కిందకి చూసుకుంటాడు. డైరెక్టర్ ఏం మాట్లాడకుండా మా వంటింట్లోంచి రెండు బియ్యం బస్తాలు తెప్పించి బీరువాలో పెట్టించాడు. ఆ తర్వాత ఎవరికీ నటన నేర్పాల్సిన పని పడలేదు.

ఇక మీ సంగతికొస్తాను. మన సినిమాల్లో చాలావాటికి షూటింగులో పలికిన మాట ఉంచరు, తర్వాత డబ్బింగ్ థియేటర్లో తెర చూస్తూ మళ్ళీ చెప్పిస్తారు. అలాంటి షూటింగైతే మీరు గోడ మీద డప్పు కొట్టినా ఇబ్బంది లేదు. వీళ్ళది సింక్ సౌండ్, అంటే అక్కడ పలికిందే సినిమాలో వినపడుతుంది. నాలాంటివాణ్ణి హైదరాబాద్ తీసుకెళ్ళి మైకు ముందు నిలబెడితే పాఠం అప్పజెప్పినట్టు ఉంటుందని వాళ్ళ భయం, అందులో తప్పేం లేదు. ఇదేదో కొత్త వింతనుకోకండి, 1932లో మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చిన రోజుల్లో మాటే కాదు, పాట కూడా కెమెరా ముందే పాడాల్సి వచ్చేది.

సింక్ సౌండ్ అంటే ఊరంతటికీ మనం లోకువే. తెనాలి పక్క పల్లె, సంక్రాంతి వెళ్ళిన వారం, కుప్పలు నూరుస్తున్నారు, ట్రాక్టర్లు ఆగవు. ట్రాక్టర్ పోతే కాకి, కాకి పోతే గుడి మైకు, అది ఆగితే ఎవరింట్లోనో కుక్కర్ విజిల్. సౌండ్ అబ్బాయి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మనకి వినపడనివన్నీ విని చెయ్యెత్తుతాడు. మా ఇంట్లో ఫ్యాన్లు, మోటారు, ఆఖరికి ఫ్రిజ్ కూడా ఆపించాడు. ఆపి తన బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టాడు! ఇదేం పిచ్చిరా అనుకున్నాను. తాళాలు లేకుండా ఇంటికి పోలేడు, తాళాల కోసం తలుపు తీస్తే లోపల లైటు వెలగదు, మళ్ళీ ఆన్ చెయ్యాలని అప్పుడు గుర్తొస్తుంది. వాడికి నేను సైన్సులో ఎన్ని మార్కులు వేసేవాణ్ణో గానీ, దీనికి మాత్రం నూటికి నూరు వేస్తాను.

అలా ఊరు మొత్తం రెండు నిమిషాలు నోరు మూసుకున్న వేళ, నేను డైలాగ్ చెప్పాను, మీరు గొల్లున నవ్వారు. నవ్వితే మంచిదే కదా, కామెడీయే కదా అంటారేమో. చూడండి, ఒకే సీనుని దూరం నుంచి ఒకసారి, అన్నదమ్ముల మొహాల మీద ఒకసారి, నా మీద ఒకసారి, నా చేతిలో గ్లాసు మీద ఒకసారి, ఇలా తొమ్మిది రకాలుగా తీశారు. తర్వాత ముక్కలు అతికిస్తారు. నా మొహం మీద తీసిన ముక్కలో మీ నవ్వుంది, దాని పక్కన అతికే అన్నగారి మొహం ముక్కలో లేదు. అతుకు దగ్గర నవ్వు ఠక్కున తెగిపోతుంది. నా మాట మీద పడ్డ నవ్వుని మాట చెడకుండా తీసెయ్యడం కూడా కుదరదట. అందుకని కర్ర.

తొమ్మిది రకాలుగా తీస్తున్నప్పుడు ప్రతిసారీ అన్నీ అలాగే ఉండాలి. గ్లాసులో టీ ఎంతవరకు ఉంది, నేను ఏ చేత్తో పట్టుకున్నాను, కండువా ఏ భుజం మీద ఉంది, అన్నీ ఒకమ్మాయి ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకుంటుంది. మూడో టేకులో, అంటే మూడోసారి తీస్తున్నప్పుడు, బీరువా సొరుగు దానంతటదే జారి చిన్నవాడి పాదం మీద పడింది, వాడు నిజంగానే కెవ్వుమన్నాడు. దెబ్బేం తగల్లేదు గానీ ఆ కేక బ్రహ్మాండంగా ఉంది. డైరెక్టర్ దాన్ని ఉంచుకుంటానన్నాడు. ఇంకేముంది, మిగతా షాట్లన్నిటిలోనూ సొరుగు పడాల్సిందే! దారం కట్టి బీరువా వెనకనుంచి లాగడానికి వంటాయన్ని కూర్చోబెట్టారు. పులుసు మాడింది.

ఎండ ఇంకో పేచీ. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుందని మీకు పుస్తకంలో ఉంటుంది, ఆ రోజు అది మా హాల్లో నేల మీద కనపడింది. పొద్దున తొమ్మిదికి కిటికీ ఎండ నా కాళ్ళ మీద ఉంది, పదకొండయ్యేసరికి గడప దాటి పోయింది. సినిమాలో మాత్రం నిమిషంన్నరే గడిచింది. కాబట్టి కిటికీ కనపడే షాట్లు ముందు లాగించేసి, మధ్యాహ్నం కిటికీకి నల్లగుడ్డ కట్టి, లైటు పెట్టి దొంగ ఎండ తయారుచేశారు. ఆ ఎండ మరీ సూటిగా కొడుతోందని దానికి అడ్డంగా నా తెల్ల పంచె కట్టారు. అవతల పక్క నీడలు పోవడానికి థర్మోకోల్ షీటు. పెద్ద సినిమాల వాళ్ళ సామాన్లకి పేర్లుంటాయి, ధరలుంటాయి. వీళ్ళకి నా పంచె ఉంది.

క్లాప్ ఎందుకు కొడతారో కూడా రాస్తాను, మీలో చాలామందికి అదొక అలంకారం అనుకుంటా. బొమ్మని కెమెరా పడుతుంది, శబ్దం వేరే మిషన్లో రికార్డవుతుంది. రెండూ తర్వాత కలపాలి. సెకనుకి 24 బొమ్మలు. క్లాప్ పలకలు రెండూ తాకిన బొమ్మ ఏదో వెతికి, టక్ అన్న చప్పుడుని దానికి తగిలిస్తే మిగతాదంతా సరిగ్గా కూర్చుంటుంది.

ఇప్పుడు నా నోరు తిరగని సంగతి. మొదటి ఐదు టేకులు చెడగొట్టింది నేనే, ఒప్పుకుంటున్నాను. డైలాగ్ అనకముందే నాకు నవ్వొచ్చేస్తుంది. క్లాసులో కూడా నాకు అదే జబ్బు, జోకు పూర్తవకుండానే నేను నవ్వేవాణ్ణి, పిల్లలు నా మొహం చూసి నవ్వేవాళ్ళు. ఆ తర్వాత నవ్వు ఆపుకున్నాను గానీ, పెద్దవాడు ప్రశ్న వేయడం ఆలస్యం నేను జవాబు చెప్పేస్తున్నాను. డైరెక్టర్ దగ్గరికొచ్చి చెవిలో, "మాస్టారూ, జవాబు మీకు తెలుసు, చూసేవాళ్ళకి తెలీదు. వాళ్ళని ఒకసారి గుమ్మం వంక చూడనివ్వండి" అన్నాడు. గుక్క టీ తాగి, గ్లాసులోకి చూసి, మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి అనమన్నాడు. అలా అన్నప్పుడే మీరు నవ్వింది. అంతకుముందు అన్నిసార్లు విన్నారు కదా, ఒక్కసారైనా నవ్వారా? మీరు పోయాక ఆరు టేకులయ్యాయి, వాటిలో ఒకటి ఓకే అయింది.

రాత్రి ల్యాప్‌టాప్‌లో రెండు రకాలుగా అతికించి చూపించాడు. నేను టక్కున చెప్పింది చూస్తే ఎవరో ముసలాయన ఇంటి సంగతి చెప్తున్నాడు, అంతే. రెండు సెకన్లు, అంటే 48 బొమ్మలు ఆగింది చూస్తే మీ మామ్మగారు కూడా నవ్వింది. నా జోకుకి ఆవిడ నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు, అదీ నా డైలాగు కాదనుకోండి.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. చివరి షాట్‌కి కెమెరా గదిలో ఉండాలి, చోటు చాల్లేదు, అందుకని ఒక పక్క ప్లైవుడ్ ఊడదీసి బీరువాని హాల్లోకి తెచ్చి, గుమ్మం కనపడాలి కదా అని మళ్ళీ ఇంకా గట్టిగా మేకులు కొట్టారు. ఆ హడావిడిలో చీకటిపడింది, ప్యాకప్ అన్నారు, మర్నాడు కెమెరా అద్దెకిచ్చినవాళ్ళకి అప్పజెప్పాలని రాత్రికి రాత్రే బండెక్కేశారు. సౌండ్ అబ్బాయి తాళాలు మాత్రం మర్చిపోలేదు.

బీరువా ఇంకా హాల్లోనే ఉంది. గదిలోకి పోదు. మీ మామ్మగారి చీరలన్నీ మంచం మీద మూటల్లో ఉన్నాయి, వారం నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. ఆదివారం పొద్దున్నే మీ అన్నయ్యల్ని ఇద్దర్ని వెంటబెట్టుకుని రండి, మేకులు పీకే కటింగ్ ప్లేయర్ మీ ఇంట్లో ఉంటే తెండి. జామకాయలు కోసి ఉంచుతాను.

మీ మాస్టారు తాతయ్య