పాతకాలపు గౌను చేతులు: అపోహలు - వాస్తవాలు

నాటకాలకీ ఫొటో షూట్లకీ పాతకాలపు యూరప్ దుస్తులు కుట్టడం నా పని. ఎక్కువమంది అడిగేది 1750-1770 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో వేసుకున్న గౌను. మోచేతి దాకా బిగుతుగా ఉండి, అక్కడి నుంచి రెండు మూడు వరసల ఫ్రిల్స్ జారే చేతులు దాని ప్రత్యేకత. 1756లో ఫ్రెంచ్ చిత్రకారుడు బూషే వేసిన మదామ్ ద పాంపదూర్ (ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ ప్రియురాలు) చిత్రం చూస్తే ఏ చేతుల గురించి చెబుతున్నానో తెలిసిపోతుంది. వీటి మీద నాకు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: చేతికుట్టు అంటే ప్రతి కుట్టూ నువ్వుగింజంత ఉండాలి.

మ్యూజియాల్లో ఉన్న అసలు గౌన్లను లోపలి నుంచి తీసిన ఫొటోలు వెతికి చూడండి. బయట కళ్లు చెదిరే పట్టు, లోపల చాలాచోట్ల హడావుడిగా వేసిన పొడుగు కుట్లు. కారణం డబ్బే. గౌను ఖరీదులో సింహభాగం బట్టది, కుట్టుకూలి దాని ముందు ఏపాటి? ఆ పట్టు పన్నా కూడా 20 అంగుళాలకు అటూ ఇటూగానే ఉండేది. అందుకే ఫ్యాషన్ మారితే గౌను పారేసేవాళ్లు కాదు, కుట్లు విప్పి అదే బట్టతో కొత్తగా కుట్టించుకునేవాళ్లు. రేపు విప్పాల్సినదాన్ని సన్నకుట్టుతో బిగించి ఏం లాభం? అసలు సన్నకుట్టు పడింది గౌను లోపల వేసుకునే లినెన్ షిఫ్టులకి. వాటిని మాటిమాటికీ ఉతకాలి కదా.

కాబట్టి బలం కావలసిన చోటే బలం పెట్టండి. చంక కింద తేనెమైనం పట్టించిన లినెన్ దారంతో దగ్గరదగ్గరగా బ్యాక్ స్టిచ్. ఫ్రిల్ అతికేచోట రన్నింగ్ కుట్టు చాలు.

అపోహ: జాకెట్టుకి ఎక్కించినట్టే చెయ్యి ఎక్కించేయొచ్చు.

కుదరదు. ఈ గౌనుకి చెయ్యి రెండు విడతల్లో ఎక్కుతుంది. ముందు చంక కింది సగాన్ని మామూలుగా లోపలి వైపు నుంచి కుట్టాలి. పై సగాన్ని వదిలేసి, వేసుకునే మనిషికి (లేదా డమ్మీకి) తొడిగి, మిగిలిన బట్టను చిన్నచిన్న మడతలుగా భుజం లైనింగ్ మీదకి సర్ది గుండుసూదులు గుచ్చాలి. ఆ మడతలను లైనింగ్‌కి కుట్టాక, భుజం మీది పట్టు ముక్కతో కప్పేసి పైనుంచి కుట్టేస్తాం. అందుకే లోపల మడతలు కాస్త వంకరగా ఉన్నా బయటికి కనపడవు. మెషీన్ పాదం కింద ఈ పని జరిగేది కాదు. లైనింగ్ పక్క కుట్లు మాత్రం మెషీన్ మీద లాగేయండి, స్టేజీ గౌనైతే నాకేమీ అభ్యంతరం లేదు.

అపోహ: చేతులు పైకి లేవకపోతే కటింగ్ తప్పు.

ఆ గౌను భుజాలను వెనక్కి లాగి నిలబెడుతుంది. చేతులు ముందుకు చక్కగా వస్తాయి, తల పైకి మాత్రం సరిగా లేవవు. చంక వదులు చేస్తే ఇంకా బిగుసుకుంటుంది తప్ప బాగుపడదు. నటికి ముందే చెప్పండి, రిహార్సల్‌లో టెన్షన్ ఉండదు.

అపోహ: ఫ్రిల్ అంటే పొడవాటి పట్టీ కోసి కుచ్చు పెట్టడమే.

అలా చేస్తే చెయ్యి లాంప్‌షేడ్‌లా తయారవుతుంది. అసలు ఫ్రిల్ వెడల్పు అంతటా ఒకటే ఉండదు. మోచేతి మొన దగ్గర బాగా లోతుగా, లోపలి మడత దగ్గరికి వచ్చేసరికి సన్నగా ఉండేలా వంపుగా కోస్తారు. కుచ్చు కూడా ఎక్కువభాగం మొన వైపే పడాలి, లోపలి మడత దగ్గర దాదాపు సాదాగా వదిలేయాలి. పై వరస పొట్టి, కింది వరస పొడుగు. వరసలన్నీ విడివిడిగా కుచ్చు లాగి, ఒకదాని మీద ఒకటి పెట్టి కచ్చాకుట్టు వేసి, చెయ్యి వేలాడదీసి చూశాకే అసలు కుట్టు వేయండి. ఫ్రిల్ సరిగా జారడానికి మోచేతి దగ్గర చిన్న సీసపు బిళ్లలు కుట్టిన గౌన్లు కూడా ఉన్నాయి.

అపోహ: అంచు మడిచి కుట్టకపోతే పోగులు ఊడిపోతాయి.

చిక్కటి నేత ఉన్న టఫెటా (నున్నగా, కాస్త బిరుసుగా ఉండే పట్టు) అంత తేలిగ్గా ఊడదు. ఆ రోజుల్లో ఇనుప పంచ్‌ని సుత్తితో కొట్టి, అంచును గవ్వల వరసలా కోసి అలాగే వదిలేసేవాళ్లు. బజార్లో దొరికే జిగ్‌జాగ్ కత్తెర పళ్లకి ఆ అందం రాదు. పంచ్ దొరక్కపోతే అట్టముక్కతో గుర్తులు పెట్టుకుని చిన్న కత్తెరతో కోయండి. వేళ్లు నొప్పి పుడతాయి, అంతే.

అపోహ: ముడులున్న ముడిపట్టు అయితే పాతకాలపు లుక్ వస్తుంది.

ఆనాటి నేతగాళ్లకి ఆ ముడులు లోపం. నున్నటి టఫెటా కొనండి.

అపోహ: పట్టు లేనిదే ఆ కాలపు గౌను లేదు.

ఇది విన్నప్పుడల్లా నాకు మన మచిలీపట్నం గుర్తొస్తుంది. కోరమండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకం, కలంకారీ నూలుబట్టకి యూరప్‌లో ఎంత మోజంటే, స్థానిక నేత పరిశ్రమను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా దాన్ని నిషేధించింది. ఇంగ్లండ్ నిషేధం 1774 దాకా నడిచింది. అయినా ఆడవాళ్లు వేసుకోవడం మానలేదు. మన తీరం బట్టతో కుట్టిన గౌన్లు ఇప్పటికీ లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ (వీ అండ్ ఏ) మ్యూజియంలో ఉన్నాయి. నూలు గౌనుకి బరువైన పట్టు ఫ్రిల్స్ కన్నా పల్చటి తెల్ల మస్లిన్ ఫ్రిల్ నప్పుతుంది.

అపోహ: ఫ్రిల్స్ కింద కనపడే లేసు గౌనులో భాగం.

కాదు, అది విడి వస్తువు. చేతి లోపలి అంచుకి నాలుగు పొడుగు కుట్లతో తగిలిస్తారు. గౌను డ్రైక్లీనింగ్‌కి ఇచ్చే ముందు ఆ దారం తెంపి లేసు బయటికి తీసి, విడిగా చేత్తో ఉతికి, పల్చటి గంజి పెట్టి మళ్లీ తగిలించుకోవాలి. ఏ చెయ్యిది ఆ చేతికే వెళ్లేలా లోపల ఒక రంగు దారం గుర్తు పెట్టుకోండి.