మాత్ర చేతికిచ్చే ముందు

ప్రకాశం జిల్లా నుంచి కట్టడాల పనికి బెంగళూరు వచ్చిన దంపతులను తలచుకోండి. తాగుడు మానిపించమని భర్తను డీఅడిక్షన్ ఓపీకి తీసుకొచ్చింది ఆమే. డాక్టరు కన్నడంలో అడుగుతారు, ఆమెకు తెలుగే వచ్చు. "ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?" అన్న ప్రశ్నను ఆమెకు తెలుగులో చెప్పేది పక్కనున్న భర్తే. "ఏమీ లేవు సార్" అన్న జవాబూ అతనిదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త తరచూ మత్తులో మునిగే స్త్రీలలో 70 శాతం మంది అతని చేతిలో హింసకు గురయ్యామన్నారు. భర్త తాగని ఇళ్లలో 23 శాతం. ఆ 23ను మరవకూడదు. మద్యం మెదడులో నిగ్రహాన్ని సడలిస్తుంది, నిజమే. కానీ తాగినా మేస్త్రీ మీద లేవని చెయ్యి భార్య మీద ఎందుకు లేస్తోంది? మానిన తొలి రోజులూ భద్రం కావు. నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ప్రతిదానికీ చిరాకే.

పైగా చికిత్సే ఆమెను ప్రమాదంలోకి నెట్టవచ్చు. తాగుడు మానిపించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర వేసుకున్నవారు తాగితే ఒంట్లో అసెటాల్డిహైడ్ అనే విష పదార్థం పేరుకుని ముఖం ఎర్రబడుతుంది, గుండె దడ, వాంతులు. రోజూ దగ్గరుండి ఆ మాత్ర మింగించే పని చాలాసార్లు భార్యకే అప్పగిస్తారు. అతను "ఇవాళ వద్దు" అన్న పొద్దున ఆమె గతేమిటి?

అడగడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. హిట్స్ అనే ప్రశ్నావళిలో నాలుగే ప్రశ్నలు: ఎంత తరచుగా కొడతాడు, అవమానిస్తాడు, బెదిరిస్తాడు, అరిచి తిడతాడు. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 10 దాటితే ప్రమాద సూచన. అడిగే తీరే ముఖ్యం. బీపీ చూడాలని ఆమెను వేరే గదికి పిలవాలి. తెలుగు వచ్చిన నర్సు ఉండాలి, బంధువులు కాదు. "హింసిస్తున్నాడా?" అంటే "అబ్బే, లేదమ్మా" అంటుంది. "తాగొచ్చినప్పుడు చెయ్యి చేసుకుంటాడా అమ్మా?" అంటే జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంటూ "అందరిళ్లలో ఉండేదే కదా" అంటుంది. అది అవుననే.

ఆ మాట భర్త చేతిలో ఉండే ఓపీ చీటీ మీద రాయకూడదు. అతని కౌన్సెలింగులో ఎత్తనే కూడదు. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు కాగితం మీద కన్నా ఆమె నోటికి రావడం మేలు. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అధికారి ఉంటారని చెప్పాలి. ఇవాళ ఇంటికి వెళ్లడానికి భయంగా ఉందా అని అడగాలి. మాత్ర ఎవరి చేతికివ్వాలన్నది ఆ తర్వాత.