ఆకు పసరు షుగర్‌ను ఆపుతుందా?

కడప వైపు షుగర్ ఉన్న ఇళ్ళలో మాత్రల పక్కనే పొడపత్రి ఆకో, తంగేడు పూలో, నేరేడు గింజల పొడో కనిపిస్తుంది. ఇవి పనిచేస్తాయా లేదా అన్నది తేల్చడానికి ల్యాబ్‌లో ముందుగా చేసేది ఎంజైమ్ పరీక్ష.

మనం తిన్న సంకటిలోని పిండిపదార్థాన్ని ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ (జీర్ణానికి సాయపడే ప్రొటీన్) ముక్కలు చేస్తుంది. పేగు గోడ మీదుండే ఆల్ఫా గ్లూకోసైడేజ్ అనే ఇంకో ఎంజైమ్ ఆ ముక్కలను గ్లూకోజ్‌గా మారుస్తుంది. వీటి జోరు తగ్గిస్తే, తిన్న వెంటనే షుగర్ అంతగా ఎగబాకదు. షుగర్‌కు ఇచ్చే అకార్బోస్ మాత్ర చేసే పని ఇదే.

నీడన ఆరిన ఆకును పొడి చేసి, మెథనాల్‌లో నానబెట్టి వడగడతారు. మెథనాల్ ఆవిరైపోయాక మిగిలిన సారాన్ని అమైలేజ్‌తో కలిపి, పైన గంజి ద్రావణం పోస్తారు. కాసేపయ్యాక, గంజి విరిగి వచ్చిన చక్కెరతో కలిస్తే రంగు మారే డీఎన్ఎస్ఏ అనే రసాయనం కలిపి మరిగే నీళ్ళలో పెడతారు. ఎంజైమ్ పనిచేసి ఉంటే గొట్టంలోని పసుపు రంగు ఇటుక రంగుకు తిరుగుతుంది. ఆకు దాన్ని ఆపి ఉంటే పసుపు పెద్దగా మారదు. ఆ రంగును 540 నానోమీటర్ల దగ్గర కొలిచి, ఎంజైమ్‌ను సగానికి ఆపే మోతాదు లెక్కగడతారు. దాన్నే ఐసీ50 అంటారు.

అయితే ఆకు సారానికి సొంత రంగూ, సొంత చక్కెరలూ ఉంటాయి. ఎంజైమ్ లేని గొట్టం ఒకటి పక్కన పెట్టి వాటిని తీసివేయాలి. ఆకుల్లోని వగరు పదార్థాలైన టానిన్లు ఇంకో చిక్కు. అవి ఏ ప్రొటీన్ దొరికినా పట్టుకుంటాయి కాబట్టి, ఎంజైమ్ ఆగినంత మాత్రాన అది మందు కాదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఈస్ట్ నుంచి తీసిన గ్లూకోసైడేజ్. చవగ్గా దొరుకుతుందని చాలామంది దానితోనే పరీక్షిస్తారు. అకార్బోస్ పేగు ఎంజైమ్‌ను గట్టిగా ఆపుతుంది గానీ ఈస్ట్ ఎంజైమ్ మీద దాని ప్రభావం చాలా తక్కువ. ఈస్ట్ ఎంజైమ్ మీద అకార్బోస్‌తో పోల్చే అలాంటి పోటీలో మామూలు ఆకు కూడా గెలుస్తుంది! "అకార్బోస్ కన్నా మేలు" అని రాసినచోట ఏ ఎంజైమ్ వాడారో చూడకుండా నేను నమ్మను.

పొడపత్రి సంగతి మరీ వేరు. ఆకు నమిలాక చక్కెర నోట్లో వేసుకుంటే తీపి తెలియదు. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాలను అడ్డుకుంటాయి. ఈ గుణం అమైలేజ్ గొట్టంలో ఎంత వెతికినా కనబడదు.

ఆకు వాడేవాళ్ళు ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి. మాత్రలు మాత్రం సొంతంగా మానకూడదు. ఇక ఇన్సులిన్‌తో పాటు అకార్బోస్ వేసుకునేవాళ్ళకు షుగర్ పడిపోతే చక్కెర నీళ్ళు కాదు, గ్లూకోజ్ ఇవ్వాలి. చక్కెరను విడగొట్టే ఎంజైమ్‌ను కూడా ఆ మాత్ర ఆపేస్తుంది.