ఇళ్ల మార్పిడిలో రిఫరెన్స్: అపోహలు – వాస్తవాలు

సెలవులకు ఒక కుటుంబం ఇంట్లో మరొక కుటుంబం అద్దె లేకుండా ఉండే ఇళ్ల మార్పిడి పద్ధతి 1950లలోనే ఐరోపాలో సంఘాల ద్వారా స్థిరపడింది. ఒడిశాలోని బరంపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి, జయపురంలలో ఉన్న తెలుగు కుటుంబాలకూ విశాఖ, హైదరాబాదు కుటుంబాలకూ మధ్య ఇటువంటి మార్పిడులు కుదర్చడం నేను చేసే పని. డబ్బు చేతులు మారని ఈ ఏర్పాటులో, ముఖపరిచయం లేనివారికి తాళంచెవులు అప్పగించే ముందు చూసుకోవడానికి, అంతకుముందు వారితో మార్పిడి చేసుకున్నవారు రాసిన రిఫరెన్స్‌కు మించిన ఆధారం ఉండదు.

అపోహ: ఉండి వచ్చిన ఇంట్లో లోపం ఉందని రాయడం తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే.

వాస్తవం: మనవారి నుంచి నాకు అన్నింటికంటే ఎక్కువగా వినిపించే అభ్యంతరం ఇదే. అయితే ఆ రిఫరెన్స్ కోసం ఎదురుచూసేది పసిపిల్లలతోనో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితోనో అదే ఇంటికి రాబోయే తర్వాతి కుటుంబం. ‘ఇల్లు బాగుంది, మనుషులు దేవుళ్లు’ అన్న మాట వారికి దేనికీ అక్కరకు రాదు. గోపాల్‌పూర్‌లోని ఒక ఇంటి గురించి వచ్చిన ఈ నాలుగు వాక్యాలు చూడండి: ‘పడకగదులు రెండూ మేడమీదే ఉన్నాయి. మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ లేదు. సముద్రపు గాలికి వంటింటి కిటికీ గొళ్లెం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఉదయం మోటారు వేసుకుంటే ట్యాంకు నీళ్లు నలుగురికి రాత్రిదాకా సరిపోయాయి.’ ఇందులో ఎవరినీ కించపరిచిన మాట లేదు, కానీ పెద్దవారిని తీసుకురావచ్చో లేదో చదివినవారికి వెంటనే తెలిసిపోతుంది.

అపోహ: అతిథుల చేతిలో ఏదైనా పగిలితే దాన్ని ప్రస్తావించకపోవడమే మర్యాద.

వాస్తవం: ఎవరింట్లోనైనా వస్తువులు పగులుతాయి, పగిలాక ఏం చేశారన్నదే తెలుసుకోదగ్గది. ‘మిక్సీ జారు పగిలింది, ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పారు, వెళ్లేలోగా కొత్తది కొని పెట్టారు’ అని రాస్తే, పగిలిన సంగతి దాచిపెట్టిన పొగడ్త కంటే ఆ అతిథులకు ఎక్కువ మేలు జరుగుతుంది.

అపోహ: మాకు ఇబ్బంది కలిగిందంటే ఆ ఇల్లు మంచిది కానట్టే.

వాస్తవం: ఇంటిని, మనుషులను, కాలాన్ని విడివిడిగా రాయాలి. ఈ తీరానికి అక్టోబరు తుపానుల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ సమీపంలోనే. తుపానుకు కరెంటు పోవడం ఇంటివారి తప్పు కాదు. ఇన్వర్టర్ ఉందని చెప్పి, అది పనిచేయని స్థితిలో వదిలివెళ్తే మాత్రం ఆ సంగతి రాసితీరాలి.

అపోహ: అవతలివారు ఏం రాస్తారో చూసి మనం రాయాలి.

వాస్తవం: అలా చూసి రాస్తే పొగడ్తకు పొగడ్త, నిందకు నింద తప్ప మరేమీ మిగలదు. ఇళ్లను అద్దెకు కుదిర్చే వెబ్‌సైటు ఎయిర్‌బీఎన్‌బీ సైతం 2014లో, ఇద్దరి అభిప్రాయాలూ అందాకగానీ గడువు ముగిశాకగానీ రెండింటినీ ఒకేసారి చూపే పద్ధతికి మారింది. నేను కుదిర్చిన మార్పిడుల్లోనూ ఇరువైపుల రిఫరెన్స్‌లు నా చేతికి వచ్చాకే తెరుస్తాను.

అపోహ: ఉన్నదున్నట్టు రాస్తే పరువునష్టం కేసు పెడతారు.

వాస్తవం: పరువునష్టాన్ని నిర్వచించే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోనే, ప్రజాహితం కోసం చెప్పిన నిజానికి, ఇతరుల మేలు కోరి సదుద్దేశంతో చేసిన హెచ్చరికకు మినహాయింపులు ఉన్నాయి. కళ్లారా చూసినదే రాసి, అనుమానాలను పక్కన పెట్టేవారు భయపడవలసిన పని లేదు. దొంగతనం, పిల్లల పట్ల అసభ్య ప్రవర్తన వంటివి రిఫరెన్స్‌లో నర్మగర్భంగా సూచించి వదిలేసే విషయాలు కావు; వాటికి పోలీసు ఫిర్యాదే మార్గం.

అపోహ: విదేశీ అతిథుల గురించి కొత్తగా రాయవలసింది ఏమీ లేదు.

వాస్తవం: విదేశీయులు ఇంట్లో దిగిన 24 గంటల్లోగా ఇంటివారు వారి వివరాలను ప్రభుత్వానికి నిర్ణీత ఫారంలో సమర్పించాలి. అందుకు కావలసిన పాస్‌పోర్టు, వీసా ప్రతులు అతిథులు మీరు అడగకముందే పంపారా, పదిసార్లు అడిగించుకున్నారా అన్నది రాయండి.

అపోహ: ఒకసారి మంచి రిఫరెన్స్ వస్తే ఇక ఎప్పటికీ చాలు.

వాస్తవం: ఇళ్లూ మారతాయి, ఇంట్లో ఉండేవారూ మారతారు. అందుకే ఏ నెల, ఏ సంవత్సరం, ఎందరు, ఎన్ని రాత్రులు ఉన్నారన్నది మొదటి వరుసలోనే ఉండాలి. ఆ వివరాలు లేని రిఫరెన్స్‌ను నేను తిప్పి పంపుతాను.