ఆ దొరసాని బుగ్గ మీద చుక్కలు

చిన్నీ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో ఇంగ్లండు దొరసాని అడా లవ్‌లేస్ బొమ్మ చూపించి, "తాతయ్యా, పాత ఫోటో భలే ఉంది" అన్నారు. అది ఫోటో కాదర్రా. ఫోన్‌లో ఆవిడ బుగ్గని రెండు వేళ్లతో పెద్దది చేసి చూడండి. అన్నీ చుక్కలే. ఒక్కో చుక్కా లోహపు పలక మీద ఓ మనిషి చేత్తో పొడిచిందే.

షాలన్ అనే చిత్రకారుడు ఆవిడని నీటిరంగుల్లో వేస్తే, దాన్ని చూసి మోట్ అనే ఆయన పలక మీదికి ఎక్కించాడు. అప్పటి బొమ్మల అడుగున చీమల్లాంటి అక్షరాలుంటాయి. మామూలుగా ఎడమ పక్క వేసినవాడి పేరు, కుడి పక్క చెక్కినవాడి పేరు.

తలుచుకుంటే నాకే టెన్షన్. అంతా అద్దంలో కనబడినట్టు తిరగేసి చెక్కాలి. ముఖానికి చుక్కలు, జుట్టుకీ పట్టు గౌనుకీ గీతలు. తర్వాత పలకంతా ఇంకు పూసి పైపైన తుడిచేస్తారు, గుంటల్లోది మాత్రం ఉండిపోతుంది. తడిపిన కాగితం పరిచి రోలర్ల మధ్య నొక్కితే, కాగితం ఆ గుంటల్లోకి దిగి ఇంకుని పట్టుకొస్తుంది. మన అన్నమయ్య కీర్తనలూ రాగిరేకుల మీదే చెక్కారు కానీ, అవి నేరుగా చదువుకోవడానికి.

రాగి మెత్తన. కొన్ని వందల కాపీలు తీసేసరికి సన్నపనంతా అరిగిపోయేది. ఉక్కు పలకైతే వేలు తీయొచ్చు. ఆ విద్యని 1819లో జాకబ్ పెర్కిన్స్ అమెరికా నుంచి ఇంగ్లండుకి తెచ్చింది అసలు దొంగనోట్లని ఆపడానికి! ఆయనతో కలిసి పనిచేసిన చార్ల్స్ హీత్ దాన్ని దొరసానుల బొమ్మలకి వాడాడు. 1833 నుంచి 'బుక్ ఆఫ్ బ్యూటీ' అని ఏటా ఓ పుస్తకం. పండక్కి కానుకగా ఇచ్చుకునే రకం. ముందు బొమ్మ తయారుచేసి, దానికి సరిపోయే కవితో కథో రాయించేవారు. శుభలేఖ అచ్చేశాక పెళ్లికొడుకుని వెతికినట్టు. అదే హీత్, కొడుకుతో కలిసి 1840లో మొదటి తపాలా బిళ్ల మీద విక్టోరియా రాణి తల చెక్కాడు.

పనితనానికి దణ్ణం పెడతాను కానీ, ఆ ముఖాలే నాకు నచ్చవు. అందరికీ అవే పెద్ద కళ్లు, చిటికెడంత నోరు, జారిన భుజాలు. కింద పేరు చూస్తే తప్ప ఎవరో తెలీదు. ఆ పేరు కూడా చాలాసార్లు మొగుడి బిరుదే. అడాకి చిన్నప్పట్నించీ లెక్కలంటే పిచ్చి. చార్ల్స్ బ్యాబేజ్ అనే ఆయన ఊహించిన లెక్కల యంత్రం మీద ఆవిడ నోట్స్ 1843లో అచ్చయ్యాయి. బొమ్మలో ఆ లెక్కల జాడేదీ?

ఇంట్లో కొత్త వంద నోటు ఉంటే కళ్లు మూసుకుని గాంధీగారి బొమ్మ మీద వేలితో తడమండి. కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. అదీ ఇలా గుంటల్లోంచి పైకొచ్చిన ఇంకే. నలిగిన నోటు మాత్రం తీసుకోకండి, అరిగిపోయి ఏమీ తెలీదు.

మీ తాతయ్య