గాజు తొడిగేటప్పుడు చేతిలో ఏం జరుగుతుంది?

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజులు తొడిగేవారి పనితనాన్ని కాసేపు నిలబడి చూస్తే మన చేతి నిర్మాణం గురించి చాలా తెలుస్తుంది. వాళ్లు ముందుగా బొటనవేలిని లోపలికి మడవమని చెప్పి, చిటికెనవేలి వైపు నుంచి అరచేతిని మెల్లగా నొక్కుతారు. అరచేతి వెడల్పు కంటే ఇరుకుగా ఉన్న గాజు కూడా కణుపులు దాటి మణికట్టు మీదికి జారుతుంది. అరచేయి ఒకే ఎముకతో ఏర్పడి ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదు.

మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా ఒక్కో చేతిలో 27 ఎముకలు ఉంటాయి: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. అరచేతి ఎముకల్లో చూపుడువేలికీ, మధ్యవేలికీ చెందినవి మణికట్టుకు దాదాపు కదలకుండా బిగిసి ఉంటాయి. ఉంగరపువేలు, చిటికెనవేలు వైపువి మాత్రం కొంత ముందుకు వంగగలవు; పిడికిలి గట్టిగా బిగిస్తే చిటికెనవేలి కణుపు కిందికి దిగడం కంటికి కనిపిస్తుంది. బొటనవేలి మొదట్లోని కీలు వీటన్నిటికంటే విశేషమైనది. అక్కడ రెండు ఎముకల చివరలూ గుర్రపు జీనులా వంపు తిరిగి ఒకదానిలో ఒకటి అమరడం వల్ల, ఆ వేలు వంగడమూ, పక్కకు జరగడమే కాక, చుట్టూ తిరిగి మిగిలిన నాలుగు వేళ్లకూ ఎదురుగా వచ్చి నిలుస్తుంది. అన్నం ముద్ద కలిపినా, సూదిలో దారం ఎక్కించినా ఆ కీలు చలవే.

ఇంత పని చేసే వేళ్లలో వాటిని వంచే కండ ఏదీ లేదన్నది నన్ను ఎప్పుడూ అబ్బురపరిచే విషయం. బలంగా పట్టుకునే శక్తి ఎక్కువగా ముంజేతి కండరాలది. అక్కడి నుంచి సన్నని, గట్టి స్నాయువులు, అంటే కండను ఎముకకు కలిపే తాళ్లలాంటివి, మణికట్టు మీదుగా వేళ్ల దాకా సాగుతాయి. ఎడమచేత్తో కుడి ముంజేతిని పట్టుకుని కుడి పిడికిలి బిగిస్తే ఆ కదలిక స్పష్టంగా తెలుస్తుంది. మరో చిన్న పరీక్ష కూడా చేయవచ్చు: అరచేతిని బల్లకు ఆనించి, మధ్యవేలిని లోపలికి మడిచి, మిగతా వేళ్లను ఒక్కొక్కటిగా పైకెత్తండి. చూపుడువేలు, చిటికెనవేలు లేస్తాయి, ఎందుకంటే వాటికి సొంతంగా అదనపు కండరాలున్నాయి. ఉంగరపువేలు మాత్రం మొరాయిస్తుంది. దాని స్నాయువు పక్క స్నాయువులతో ముడిపడి ఉండటమే అందుకు కారణం.

భుజం దగ్గర గుంట లోతు తక్కువ కాబట్టే చేయి ఇన్ని దిక్కులకు తిరుగుతుంది, ఆ కారణంగానే అది సులువుగా జారిపోతుంది కూడా. చేతిని మొండెంతో ఎముకల ద్వారా కలిపేది మెడ కింద అడ్డంగా ఉండే జత్రుక ఒక్కటే. బైక్ మీద నుంచి పడినవారిలో అది విరగడం తరచుగా చూస్తాం. అరచేయి ఆనించి పడితే బొటనవేలి వైపు మణికట్టులోని చిన్న ఎముక చిట్లవచ్చు. దానికి రక్తం ప్రధానంగా వేలి వైపు కొస నుంచే అందుతుంది కాబట్టి విరిగితే ముంజేతి వైపు ముక్క అతకడం కష్టం. తొలి ఎక్స్‌రేలో ఆ పగులు కనిపించకపోనూవచ్చు. అక్కడ నొప్పి తగ్గకపోతే బెణుకేనని బామ్ రాసి ఊరుకోవడం మంచిది కాదు.

ఎముకల అమరికలో కాలిదీ చేతి నమూనాయే: తొడలో ఒక ఎముక, పిక్కలో రెండు, ఆ కింద చిన్న ఎముకల గుంపు, ఐదు వేళ్లు. అయితే తుంటి గుంట లోతైనది, బొటనవేలు మిగతా వేళ్ల వరుసలోనే కట్టుబడి ఉంటుంది. ఇక్కడ స్వేచ్ఛ కంటే నిలకడకే ప్రాధాన్యం. గోల్కొండలో బాలాహిస్సార్ మెట్లు ఎక్కేటప్పుడు తొడ ముందుభాగపు కండరాలు లాగే బలాన్ని మోకాలిచిప్ప మరింత ప్రభావవంతం చేస్తుంది.

నమూనా ఒకటే అయినప్పుడు మోచేయి వెనక్కి, మోకాలు ముందుకు ఎందుకు చూస్తాయి? పిండదశ నాలుగో వారంలో చేతుల మొగ్గలు ముందు, కాళ్ల మొగ్గలు కాస్త తర్వాత మొలుస్తాయి. వేళ్ల మధ్య కణాలు చనిపోవడంతో ఎనిమిదో వారం ముగిసేసరికి వేళ్లు విడివడతాయి. ఈలోగా చేతులు బయటికి, కాళ్లు లోపలికి, రెండూ సుమారు 90 డిగ్రీలు తిరుగుతాయి. అరచేతులు ముందుకు చూపుతూ నిలబడితే చేతి బొటనవేళ్లు బయటివైపు, కాలి బొటనవేళ్లు లోపలివైపు ఉండేది కూడా ఈ తిరుగుడు వల్లే.