హైవే పక్క గోదాములు, పట్నంలో కలిసే ఊళ్లు

మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్ల దగ్గర రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. 44వ నంబరుది హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతుంది. 167వ నంబరుది రాయచూరు వైపు నుంచి మహబూబ్‌నగర్ మీదుగా వచ్చి, కల్వకుర్తి, మిర్యాలగూడ దాటి కోదాడ చేరుతుంది. జడ్చర్లలోని బాదేపల్లి మార్కెట్‌కు పల్లికాయ లారీలు వరస కట్టే సీజన్‌లో చూసినవాళ్లకు ఈ కూడలి విలువ వేరే చెప్పక్కర్లేదు. ఇటువంటి చోట లాజిస్టిక్స్ హబ్ (సరుకు నిల్వచేసి నలుదిక్కులకూ పంపే పెద్ద గోదాముల కేంద్రం) మాట లేచిందంటే, చుట్టూ ఉన్న ఊళ్లనూ తండాలనూ పట్నంలో కలిపే మాట కూడా వెనకే వస్తుంది. ఆ రెండు మాటలకూ ఇరవై ఏళ్ల వెనకటి కథ ఉంది.

గోదాముల సంగతి ముందు చూద్దాం. 2017 జూలై 1కి ముందు సరుకు రాష్ట్రం దాటి అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది. అది తప్పించుకోవడానికి కంపెనీలు ప్రతి రాష్ట్రంలో చిన్న చిన్న గోదాములు పెట్టుకునేవి. జీఎస్టీ వచ్చాక ఆ అవసరం పోయింది. పెద్ద నగరానికి దగ్గరగా ఒక్క పెద్ద గోదాము కట్టి నాలుగు రాష్ట్రాలకు సరుకు పంపడమే లాభమైంది. అదే ఏడాది నవంబరులో కేంద్రం ఈ రంగానికి మౌలిక వసతుల హోదా ఇవ్వడంతో బ్యాంకు అప్పులూ సులువయ్యాయి. హైదరాబాద్ చుట్టూ మంగళ్‌పల్లి, బాటసింగారం లాజిస్టిక్స్ పార్కులు ఆ ఊపులోనే వచ్చాయి. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబుల్ లైన్ అందుబాటులోకి వచ్చాక చూపు ఇంకా దక్షిణానికి తిరిగింది.

అయితే ఇక్కడి జనానికి పరిశ్రమ అనగానే ముందు గుర్తొచ్చేది జడ్చర్ల పక్కనున్న పోలేపల్లి. 2003 ప్రాంతంలో అక్కడ పారిశ్రామిక కేంద్రం కోసమంటూ భూములు సేకరించారు. తర్వాత అది మందుల కంపెనీల సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) అయింది. పోయిన భూముల్లో దళితులవి, లంబాడీలవి, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ పట్టాలవి చాలా ఉన్నాయి. వాళ్లకు దక్కిన పరిహారానికీ ఆ తర్వాత ఆ నేల పలికిన ధరకూ పొంతనే లేదు. 2008 జడ్చర్ల ఉప ఎన్నికలో భూములు పోయినవాళ్లే నామినేషన్లు వేసి తమ గోడు వినిపించారు. ఆ కోపం న్యాయమైనదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఇక ఊళ్లు కలిపే సంగతి. ‘మా తండాలో మా రాజ్యం’ అన్న డిమాండ్ ఎన్నో ఏళ్లు నలిగి, 2018 పంచాయతీరాజ్ చట్టంతో నెరవేరింది. రాష్ట్రంలో 4,383 కొత్త పంచాయతీలు పుట్టాయి. వాటిలో తండాలు, గూడేలు చాలా ఉన్నాయి. సర్పంచి మన మనిషే అన్న ధైర్యం అప్పుడే వచ్చింది. అదే ఏడాది మరోవైపు కొత్త మున్సిపాలిటీలు ఏర్పడి, పక్క పల్లెలు వాటిలో కలిశాయి. 2025 జనవరిలో మహబూబ్‌నగర్ కార్పొరేషన్ అయినప్పుడు దివిటిపల్లి, జైనల్లీపూర్ అందులో చేరాయి. దివిటిపల్లిలో ఐటీ టవర్ ప్రారంభమైంది, బ్యాటరీ ఫ్యాక్టరీకి పునాది పడింది 2023 మే 6న. ముందు పెట్టుబడి వచ్చింది, తర్వాత పట్నం హద్దు జరిగింది. లాజిస్టిక్స్ హబ్ వచ్చినా ఇదే వరస కావచ్చు.

ఊరు పట్నంలో కలిస్తే ఉపాధి హామీ పని ఆగిపోతుంది, ఎందుకంటే ఆ పథకం గ్రామాలకే. వలస పోకుండా ఇంటిపట్టున ఉన్న పాలమూరు ఆడవాళ్లకు ఆ కూలి ఎంత ఆసరానో బయటివాళ్లకు అర్థం కాదు. ఇంటి పన్ను లెక్క మారుతుంది. గది కట్టాలన్నా మున్సిపల్ అనుమతి కావాలి. సర్పంచి పోయి, పది వీధులకు కలిపి ఒక కౌన్సిలరో కార్పొరేటరో మిగులుతారు.

ఇక డబ్బు సంగతి. ప్రభుత్వ పారిశ్రామిక వాడల్లో ఆస్తి పన్నును ఆ వాడ పాలన చూసే అథారిటీ వసూలు చేసి, అందులో 35 శాతం స్థానిక సంస్థకు, అంటే పంచాయతీకో మున్సిపాలిటీకో ఇస్తుంది. ఊరు పంచాయతీగా ఉంటే ఆ వాటా ఊరికే వస్తుంది. కలిపేశాక అది పట్నం ఖజానాలో పడుతుంది. దుమ్ము, లారీల రద్దీ మాత్రం ఊరివాళ్లే భరించాలి. అందుకే విలీనం మాట ఎత్తే ముందు గ్రామసభ పెట్టాలి. ఆ పన్ను వాటాలోంచి, పట్నంలో కలిసిన ఊరి నీళ్లకు, మురికి కాలువకు, లోపలి రోడ్డుకు ఎంత ఖర్చు పెడతారో కాగితం మీద రాసివ్వాలి. గోదాములో హమాలీ, ప్యాకింగ్ పనులు ముందు ఆ ఊరివాళ్లకే ఇస్తామన్న షరతు కూడా భూమి కేటాయింపు పత్రంలోనే ఉండాలి.